వానలో తడిసిన యంత్రములు – మన తొందరపాటు

వరదనీరు గడప దాటి లోనికి వచ్చినప్పుడు ఇంటివారు మొదట దేనిని ఎత్తి పట్టుకొందురో దానినిబట్టి కాలము మారిన తీరు తెలియును. ఒకప్పుడు బియ్యపు మూటయు, పెట్టెలోని పట్టుచీరయు, రేషను కార్డును. నేడు సెల్‌ఫోను, ఉన్నచో లాప్‌టాపు. ఇందు తప్పుపట్టవలసినదేమియు లేదు. పిల్లవాని పాఠములు, ఊరిలోని అవ్వ ఛాయాచిత్రము, నాన్నగారి కూలిడబ్బు వచ్చిపడు బ్యాంకు లెక్క, అన్నియు ఆ అరచేతి పలకలోనే యున్నవి. బెంగుళూరులో కూలినాలి చేసుకొని బ్రదుకు తెలుగు కుటుంబములలో ఇంటి మొత్తమునకు అట్టి పలక ఒక్కటే యుండుట అరుదు కాదు. అది ఆగిపోయినచో మరియొకటి కొనుటకు నెలల తరబడి కూడబెట్టవలెను.

కావుననే ఈ విషయమును గూర్చి మా అభిప్రాయమును ఈ పుటలలో వ్రాయుచున్నాము. నీటిలో పడిన యంత్రము పడిన క్షణముననే చెడుననుకొనుట పొరపాటు. దానిని పైకి తీసిన పిమ్మట “పనిచేయుచున్నదేమో చూతము” అని ఇంటిలో ఎవరో ఒకరు మీట నొక్కుదురు. లేదా చార్జరు తగిలింతురు. బ్రదికి యుండదగిన యంత్రము పెక్కు తడవలు అప్పుడు చచ్చును. ఒక్కొక్కప్పుడు మీట నొక్కిన మనిషియే మరణించును. ఈ రెండు నష్టములును మనము తప్పించుకొనదగినవే.

బెంగుళూరు మహానది యొడ్డున వెలసిన పట్టణము కాదు. ఎత్తయిన నేలమీద, ఒకదాని కలుజు మరియొకదానిలో పడునట్లు వరుసగా కట్టిన చెరువుల పట్టణము. ఆ చెరువులలో ధర్మాంబుధి నేడు కెంపేగౌడ బస్సు నిలయమైనది. సంపంగి చెరువు కంఠీరవ క్రీడాస్థలమైనది. నీరు తన పాత దారిని మరువలేదు. 2022 సెప్టెంబరు మొదటి వారమున యెమలూరు, బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు ప్రాంతములలో కోట్లు వెచ్చించి కట్టిన భవనములలోనివారిని ట్రాక్టర్లమీదను పడవలమీదను వెలుపలికి తెచ్చిరి. 2024 అక్టోబరులో యలహంకయందలి కేంద్రీయ విహారము మునిగినది. 2025 మే నెలలో హొరమావు సాయి లేఅవుటు మునిగినది. మన బంధువుల యూళ్లకును ఈ బెడద తప్పలేదు. 2024 సెప్టెంబరు 1వ తేదీనాటికి బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగరమును ముంచివేసినది; నీరు దినముల తరబడి ఇండ్లలో నిలిచినది. క్రింది అంతస్తులోని ఇంటికి 25,000 రూపాయల చొప్పున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సాయము ప్రకటించినది. ఆ సొమ్ముతో ఒక ఫ్రిజ్జి, ఒక టి.వి., ఒక మిక్సీ, ఒక ఫోను మరల కొనవలెనన్నచో ఏ పాటి వచ్చునో గృహిణులకు చెప్పనక్కరలేదు. బాగుచేసికొనదగినదానిని బాగుచేసికొనుటయే అట్టి యింటికి గతి.

అయితే వస్తువుకంటె ముందు ప్రాణము. 2025 మే నెల వానలలో బి.టి.ఎం. లేఅవుటునందలి ఒక భవనమున నేలమాళిగలో నీరు నిలువగా, దానిని తోడివేయుటకు విద్యుత్ మోటారును అమర్చబోయిన అరువదిమూడేండ్ల పెద్దాయన షాకు తగిలి మరణించిరి. దగ్గరనున్న పండ్రెండేండ్ల బాలుడును మరణించెను. ఆ బాలుడు మా పాఠశాలలో ఏడవ తరగతి చదువు పిల్లల ఈడువాడు. తడినేలమీద నిలిచి, తడిచేతితో, నీటి ప్రక్కనే ప్లగ్గు పెట్టుట ఎంత సాధారణమైన పనియో తలచుకొన్నచో గుండె ఝల్లుమనును.

నీరు ఇంటిలోనికి వచ్చుచున్నదని తోచగానే, నేల ఇంకను పొడిగా నున్నప్పుడే మెయిన్ స్విచ్చిని దింపివేయవలెను. నీరు అప్పటికే ప్లగ్గులను అందుకొన్నదా, మీటరు పెట్టె తడిసినదా, ఇక దాని దరికి పోవలదు. 1912 సంఖ్యకు ఫోను చేసి, విద్యుత్తు సరఫరా చేయు బెస్కాం వారికి తెలుపవలెను. ఇంకొక సంగతి కలదు. దీనిని చదువుకొన్నవారును మరతురు. మెయిన్ ఆపినను ఇన్వర్టరు ఆగదు. వీధి యంతయు చీకటిగా నున్నను, మూలనున్న ఇన్వర్టరు బ్యాటరీనుండి గోడలోని తీగలకు కరెంటు వచ్చుచునే యుండును. దానిని వేరుగా ఆపవలెను. భూమిలోనికి కారిపోవు కరెంటును కనిపెట్టి సరఫరాను తెగగొట్టు ఆర్.సి.సి.బి. అను చిన్న పరికరమొకటి కలదు. ఇండ్లలో వాడునది సాధారణముగా 30 మిల్లీయాంపియర్ల కారుదలకే, రెప్పపాటులో పనిచేయును. బాడుగ యిల్లు చూచునప్పుడు నీటి కొళాయిని త్రిప్పి చూచు మన పెద్దలు ఈ పరికరము కలదా యని కూడ అడుగవలెనని మా మనవి. యజమాని విసుగుకొన్నను అడుగవలెను.

ఇక నీరు యంత్రమునకు చేయు కీడు ఎట్టిదో చూతము. స్వచ్ఛమైన నీరు విద్యుత్తును అంతగా ప్రసరింపజేయదు. కాని మన వీధిలో పారునది స్వచ్ఛమైన నీరా? అందు ఉప్పులు, సబ్బు, మురుగు, సున్నము కరిగియుండును. అట్టి నీరు సర్క్యూటు బోర్డుపై నిలిచియుండగా దానిలో కరెంటు పారినచో, పై తరగతుల రసాయనశాస్త్రములో చదువు విద్యుద్విశ్లేషణము ఆ బోర్డుపైననే జరుగును. ధన ధ్రువపు వైపునగల రాగి కరగును. కరిగిన లోహము ఋణ ధ్రువమువైపు చేరి, చెట్టు వేళ్లవలె సన్నని పోగులుగా పెరుగును. ఆ పోగు ప్రక్క తీగను తాకినంతనే షార్టు సర్క్యూటు. ప్రయోగశాలలో గాజు పాత్రలో రెండు కడ్డీలు ముంచి మనము చూచు వింతయే ఇది. అచ్చట కడ్డీ అరుగును, ఇచ్చట వెండ్రుకకంటె సన్నని దారి తెగిపోవును. కరెంటు లేనిచో చిలుము మెల్లగా పట్టును. కరెంటు ఉన్నచో గంటలలో పట్టును. సెల్‌ఫోనులో బ్యాటరీ ఎల్లప్పుడును లోపలనే యుండుటచేత, ఆపివేసినను కొన్ని భాగములకు కరెంటు అందుచునే యుండును. తడిసిన ఫోనును నాలుగు దినములు బీరువాలో పెట్టి తరువాత దుకాణమునకు కొనిపోవుట అందుచేతనే మంచిది కాదు.

బియ్యపు డబ్బా సంగతి చెప్పకుండ ముందుకు సాగలేము. తడిసిన ఫోనును బియ్యములో పూడ్చిపెట్టు వాడుక ఇప్పుడు దేశమంతట కలదు. బియ్యము గాలిలోని చెమ్మను కొంత పీల్చునేమో గాని, మూసిన యంత్రపు లోపలి చుక్కను బయటికి లాగజాలదు. అంతకంటె విసరు గాలి మేలు. పైగా బియ్యపు పొడియు పిండియు చార్జింగు రంధ్రములో చేరి అంటుకొనును. ఆపిల్ సంస్థవారు తమ ఫోనులను బియ్యములో ఉంచవలదని వినియోగదారులకు వ్రాసిన సూచనలలో స్పష్టముగా చెప్పియున్నారు. 2024వ సంవత్సరమున ఈ మాట లోకమంతట వార్తయైనది. అన్నము వండుకొనవలసిన బియ్యమును ఫోను మురుగుతో కలుపుట మా దృష్టిలో రెండు విధముల నష్టము.

మరి యేమి చేయవలెను? ఫోను వెలుగుచున్నచో వెంటనే ఆపవలెను. ఆగిపోయినచో వెలిగించి చూడరాదు. తొడుగు తీసి, సిమ్ కార్డును మెమరీ కార్డును బయటికి తీయవలెను. సిమ్‌ను తుడిచి ఆరబెట్టి ఇంకొక ఫోనులో వేసికొన్నచో బ్యాంకునుండి వచ్చు రహస్యసంఖ్యలు అందక చిక్కుపడు బాధ తప్పును. బ్యాటరీ ఊడదీయు వీలున్న పాత ఫోనయినచో దానిని తీసివేయుట అన్నిటికంటె ముఖ్యము. పిదప గుడ్డతో అద్ది, చార్జింగు రంధ్రము క్రిందికి వచ్చునట్లు పట్టి మెల్లగా తట్టి, ఫ్యాను గాలిలో నిలబెట్టవలెను. ఎండలో పెట్టరాదు. జుట్టు ఆరబెట్టు వేడిగాలి యంత్రమును వాడరాదు. ఆ గాలి నీటిచుక్కను ఇంకను లోనికి నెట్టును, జిగురును కరగించును. శుభ్రమైన మంచినీటిలో ఒక్క క్షణము పడినదైనచో ఒక దినము ఓపికపట్టిన చాలును. వరదనీటిలోనో, టీలోనో, మురుగులోనో పడినచో ఆరబెట్టినంతమాత్రమున చాలదు. నీరు ఆరిపోవును గాని ఉప్పు ఆరిపోదు. అది బోర్డుమీదనే నిలిచి, గాలిలోని చెమ్మను పిలిచి, చిలుము పని సాగించును. అప్పుడు మరమ్మతు తెలిసినవాడు దానిని విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో బ్రష్షుపెట్టి కడుగవలెను. తడిసినదానిని మరల కడుగుటయా యని నవ్వు రావచ్చును. చెఱచినది నీటిలో కలిసిన మాలిన్యము గనుక మందు కడుగుటయే.

“మా ఫోను నీటికి చెడదు, పెట్టెమీద ఐ.పి. 68 అని వ్రాసియున్నది” అనువారు కలరు. ఆ సంఖ్యకు అర్థము, కొత్త ఫోనును నిశ్చలమైన మంచినీటిలో, తయారుచేసినవారు చెప్పిన లోతున, చెప్పినంత సేపు ఉంచి పరీక్షించిరని మాత్రమే. రెండేండ్లు వాడి, రెండుమార్లు క్రిందపడి, అంచులోని జిగురు సడలిన ఫోను ఆ పరీక్షకు నిలుచునని ఎవ్వరును మాట ఇయ్యలేదు. అమ్మునప్పుడు నీటిలో ముంచిన బొమ్మను చూపి, చెడినప్పుడు “తడి తగిలినది, వారంటీ చెల్లదు” అనుట మాకు న్యాయముగా తోచదు. ఫోను లోపల తెల్లని చిన్న చీటి యొకటి యుండును. తడి తగిలినచో ఎర్రబారును. ఆ ఎరుపు కనబడినంతనే బోర్డు మొత్తము మార్చవలెనని చెప్పు కంపెనీ సేవాకేంద్రములు కలవు. మార్చుటకగు ఖర్చు కొత్త ఫోను వెలకు దగ్గరగా నుండును. అట్టి మాట విన్న వెంటనే ఆశ వదలుకొనవలదు.

ఏలయనగా బెంగుళూరు యంత్రముల వైద్యులకు కరవు లేని నగరము. 1948లో ఐ.టి.ఐ., 1954లో భారత్ ఎలక్ట్రానిక్స్ ఇచ్చట వెలసినవి. నేడు సదర్ పత్రప్ప రోడ్డు, అనగా అందరు ఎస్.పి. రోడ్డు అను సందులలో, సూక్ష్మదర్శిని క్రింద బోర్డును పెట్టి, తెగిన దారిని వెండ్రుకవంటి తీగతో అతుకువారు కలరు. వారి విద్యను చూచినచో కంసాలి పని జ్ఞప్తికి వచ్చును. ఆ సందులలో మోసము లేదని మేము చెప్పుట లేదు. కావున ఇచ్చుటకు ముందే, విప్పి చూచుటకు ఎంత, బాగుకానిచో ఎంత అని అడిగి తేల్చుకొనవలెను. మార్చిన పాత భాగమును చేతికిమ్మని కోరవలెను. తడిసినది ఏ నీటిలోనో, ఎన్ని గంటల క్రిందటనో, తరువాత చార్జరు తగిలించితిరో లేదో దాచక చెప్పవలెను. వైద్యునియొద్ద పథ్యము తప్పిన సంగతి దాచినవానికి మందు పనిచేయునా? కొన్నవారికి మరమ్మతు హక్కు ఉండవలెనని కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖవారు 2022 డిసెంబరులో ఒక పోర్టలును ప్రారంభించిరి. మంచి ఆరంభమే గాని, విడిభాగములు సందులోని పనివానికి సరసమైన వెలకు దొరకిననాడే ఆ హక్కు పేదయింటికి చేరును.

పెద్ద యంత్రముల విషయమున మాకొక ముచ్చటైన నిదర్శనము దొరకినది. 2022 సెప్టెంబరులో నగరమునకు కావేరీ జలమును పంపు మండ్య జిల్లా తొరెకాడనహళ్లి పంపుగృహమునే వరద ముంచివేసినది. నీరు ఎక్కువై నగరమునకు త్రాగునీరు కరవైనది! అచ్చటివారు నీటిని తోడి, మోటార్లను విద్యుత్ పలకలను శుభ్రపరచి ఆరబెట్టి, ఒక్కొక్క పంపునే క్రమముగా నడిపించిరి. వరద తగ్గినదని ఒక్కసారిగా మీట వేయలేదు. పొలము బావిలో మోటారు మునిగిన అనుభవము గల రాయలసీమ రైతులకు ఇది కొత్త కాదు. మునిగిన మోటారును విప్పి, ఆరబెట్టి, మెగ్గరుతో తీగచుట్టల బందోబస్తును పరీక్షించి, అప్పుడు గాని కరెంటు ఇయ్యరు. మిక్సీకి, ఫ్రిజ్జికి, వాషింగు మిషనుకు న్యాయమిదే. పైన ఆరినట్లు కనబడినను లోపలి చుట్టలలో తడి దినముల తరబడి దాగియుండును. ఎలక్ట్రీషియను చూచి సరేయనువరకు ఓపికపట్టవలెను. మైక్రోవేవు పొయ్యిని మాత్రము ఇంటిలో ఎవ్వరును విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాతను దాని కెపాసిటరులో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును.

యంత్రముకంటె అందలి విషయమే విలువైనదిగా నుండు సందర్భములు కలవు. కంప్యూటరులోని హార్డ్ డిస్కు మురుగునీటిలో మునిగినచో దానిని ఆరబెట్టుటయే తప్పు. లోపలి బిళ్లలమీద బురద ఎండి అంటుకొనును. తడిగా నున్నదానిని తడిగానే సంచిలో మూసి, సమాచారమును వెలికితీయు నిపుణులకు అప్పగించవలెను. ఇట్టి వైద్యము ఎంతదూరము పోగలదో తెలుపు కథ యొకటి మా విద్యార్థులకు చెప్పవలెను. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని బలిగొన్న కొలంబియా వ్యోమనౌక ఆకాశమున ముక్కలైనప్పుడు, క్జెనాన్ వాయువుపై జరిగిన ప్రయోగఫలితములు గల 400 మెగాబైట్ల డిస్కు నేలకూలినది. ఆరు నెలల తరువాత అది ఎండిన చెరువు గర్భమున దొరకినది. చూచుటకు అది కాలి కరగిన లోహపు ముద్ద. అమెరికాలోని నిపుణులు దానికి కరెంటు ఇచ్చి చూడలేదు. లోపలి బిళ్లలను తీసి, కడిగి, వేరొక కొత్త యంత్రములో అమర్చి, నూటికి తొంబదితొమ్మిది వంతుల సమాచారమును చదివిరి. ఆ ప్రయోగఫలితములు 2008లో ప్రకటితమైనవి. ఆకాశమునుండి పడిన డిస్కు బ్రదికినది. మన వంటగదిలో తడిసినది బ్రదుకకపోవుటకు కారణము పెక్కుసార్లు మన చేతి వ్రేలే.

నేటి ఫోనుల విషయమున ఒక చిక్కు కలదు. వాని జ్ఞాపకచిప్పులోని విషయము రహస్యలిపిలో నుండును. దాని తాళపుచెవి అదే బోర్డులోని మరియొక చిప్పులో నుండును. చిప్పును పెరికి వేరొక ఫోనులో పెట్టినంతమాత్రమున చదువ వీలు కాదు. ఆ బోర్డునే ఒకసారియైన బ్రదికించవలెను. ఛాయాచిత్రములను, సర్టిఫికెట్ల నకళ్లను వానకాలమునకు ముందే ఇంకొకచోట దాచుకొన్నవారికి ఈ అవస్థ లేదు.

అన్నిటిని కాపాడవలెనని మేము వాదించుట లేదు. లిథియం బ్యాటరీ వరదలో మునిగినచో దానిపై మమకారము వలదు. ఉబ్బినను, వేడెక్కినను, తీపి వాసనవంటి వింత వాసన వచ్చినను దానిని చార్జి చేయరాదు, గుచ్చరాదు, పరుపు ప్రక్కన ఉంచరాదు. 2022లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఇయాన్ తుపానుకు ఉప్పునీట మునిగిన విద్యుత్ కార్లు కొన్ని, నీరు తీసిన దినముల తరువాత వానంతట అవే అంటుకొన్నవి. విద్యుత్ స్కూటరు గలవారు ఈ సంగతి గమనింపవలెను. అట్టివానిని చెత్తబండిలోను, చెరువులోను పడవేయుట మరియొక పాపము. బెళ్లందూరు చెరువు 2017, 2018 సంవత్సరములలో నీటిమీదనే మంటలు చూచినది. దానికి మనము బ్యాటరీల విషమును కూడ జతచేయనక్కరలేదు. దాబస్‌పేటలోని ఇ-పరిసర వంటి, 2005 నాటినుండియు ఎలక్ట్రానిక్ వ్యర్థములను శాస్త్రీయముగా విడదీయు సంస్థలు ఈ నగరమునకు దగ్గరలోనే కలవు.

ఇంతయు ఈ పత్రికలో ఏల యన్నచో, ఫోనుతో వచ్చు హెచ్చరికల పుస్తకము ఇంగ్లీషులోనో హిందీలోనో యుండును. విద్యుత్ కార్యాలయపు గోడమీది సూచన కన్నడములో నుండును. మా పిల్లలు కన్నడమును చదువగలరు. కాని వారి అమ్మమ్మలు, నిన్న మొన్న ఊరినుండి వచ్చిన మేనమామలు చదువలేరు. వరద వచ్చిన రాత్రి ఇంటిలో మీట దగ్గర నుండువారు వారే. ఎనిమిదవ తరగతి బాలిక ఆ సూచనను తెలుగున చదివి చెప్పి, “తాతా, చెయ్యి తీయండి” అనగలిగినచో, మన మాధ్యమము పరీక్షలకు మాత్రమే కాక బ్రదుకునకును ఉపకరించినట్లగును.

మా కోరిక ఒకటి కలదు. బెంగుళూరులో ముంగారుకు ముందటి వానలు మే నెలలోనే కురియును. అప్పటికి బడి తలుపులు మూసియుండును. కాబట్టి ఏటేట వేసవి సెలవులకు ముందే, విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయులు ఒక పూట కేటాయించి, చచ్చిన పాత ఫోనునొకదానిని, కాలిన మిక్సీ మోటారునొకదానిని పిల్లల ముందు విప్పి చూపవలెను. చిలుము ఎట్లుండునో, ఎర్రబారిన చీటి యెక్కడ నుండునో, మెయిన్ స్విచ్చి ఏదో, ఇన్వర్టరు మీట ఏదో చూపవలెను. తల్లిదండ్రులను కూడ పిలువవలెను. ఇంటిలో మూలపడియున్న తడిసిన యంత్రములను ఆనాడు బడికి పంపినచో పాఠమునకు పనికివచ్చును. బ్యాటరీ ఉబ్బిన ఫోనును మాత్రము ఎవ్వరును పిల్లలచేతికి ఇచ్చి పంపవలదు.